కూలిన ఇంటిని ఎవరు కట్టాలి?

భూకంపం అనగానే మనకు గుర్తొచ్చేవి ఆ కాసిని క్షణాలు. వీధిన పడ్డ జనం, కూలిన గోడలు, రాళ్ళకుప్ప మీద చేతులతో తవ్వుతున్న మనుషులు. పత్రికలవాళ్ళు పది పదిహేను రోజులు అక్కడే ఉంటారు, తరువాత ఇంకో వార్త వెతుక్కుంటూ వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళిపోయాక గడిచే పదేళ్ళ గురించి ఈ పూట మాట్లాడాలనుకుంటున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. ఇల్లు కూలినవాళ్ళకు ఎక్కడో కొత్త ఊరు కట్టించి తాళంచెవి చేతిలో పెట్టడం కంటే, డబ్బూ సామానూ ఇంజనీరు సలహా వాళ్ళకే ఇచ్చి, వాళ్ళ జాగాలోనే వాళ్ళ ఇల్లు వాళ్ళను కట్టుకోనివ్వడం మేలు. వినడానికి ఇది ఏదో రెవెన్యూ శాఖవాళ్ళు తేల్చుకోవలసిన వ్యవహారంలా ఉంటుంది. కానీ కూలిన ఊరు మళ్ళీ ఊరవుతుందా, వరసగా కట్టిన క్వార్టర్లలా మిగిలిపోతుందా అన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది. ఏడేళ్ళ పైచిలుకు తేడాలో మన దేశంలో వచ్చిన రెండు భూకంపాలు ఈ రెండు దారులనూ మన కళ్ళ ముందు పెట్టాయి. ఒకటి 1993లో మహారాష్ట్రలోని కిల్లారిది, రెండోది 2001లో గుజరాత్‌లోని కచ్‌ది.

కిల్లారి మనకు పరాయి ఊరేమీ కాదు. ఇప్పుడది లాతూర్ జిల్లాలో ఉంది గానీ, 1956 దాకా ఆ ప్రాంతమంతా హైదరాబాద్ రాష్ట్రంలోని ఉస్మానాబాద్ జిల్లా. నేల మన దక్కన్ నేలే, ఇళ్ళూ మన ఇళ్ళకు దాయాదులే. 1993 సెప్టెంబర్ 29న అనంత చతుర్దశి. వినాయకుణ్ణి సాగనంపి, బాగా పొద్దుపోయాక జనం ఇళ్ళు చేరి పడుకున్నారు. తెల్లవారితే 30వ తేదీ. ఇంకా నాలుగు కాకముందే భూమి కదిలింది. తీవ్రత 6.2. దాదాపు 8 వేల మంది చనిపోయారు. హెచ్చరికలు లేవా అంటే ఉన్నాయి. అంతకు ముందు ఏడాది, 1992 ఆగస్టు నుంచీ అక్టోబర్ దాకా అక్కడ వందకు పైగా చిన్న ప్రకంపనలు వచ్చాయి. జనం భయపడ్డారు, అర్జీలు పెట్టుకున్నారు. తరువాత అవి ఆగిపోయాయి, భయమూ చల్లారింది. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉండేది. దక్కన్ పీఠభూమి కదలని గట్టి నేల అని బడిలో పాఠాలు చెప్పిన కాలమది. కిల్లారి తరువాత హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవాళ్ళు అక్కడ 600 మీటర్లకు పైగా లోతుకు బోరు వేసి, 338 మీటర్ల నల్లరాతి పొరను దాటి, కింద ఏముందో చూశారు. 2002లో పటం మారింది. లాతూర్ మూడో మండలంలోకి వచ్చింది. ఒకటో మండలం అనేదాన్నే తీసేశారు. ఇక మన దేశంలో భూకంపం రాని చోటు అంటూ పటం మీద ఎక్కడా లేదన్నమాట.

ఇక్కడ ఒక లెక్క చూడండి. కిల్లారి జరిగి నాలుగు నెలలు తిరగకముందే, 1994 జనవరి 17న అమెరికాలో లాస్ ఏంజిలిస్ పక్కన నార్త్‌రిడ్జ్‌లో భూకంపం వచ్చింది. తీవ్రత 6.7, అంటే కిల్లారి కంటే పెద్దది. అదీ తెల్లవారుజామునే, అక్కడి జనమూ నిద్రలోనే ఉన్నారు. పైగా అది మహానగరం. చనిపోయినవాళ్ళు అరవైకి అటూ ఇటూ. ఎనిమిది వేలెక్కడ, అరవై ఎక్కడ? ఈ తేడా భూమిలో లేదు, గోడలో ఉంది. కిల్లారి గోడ ఎలా ఉంటుందో కాస్త దగ్గరికెళ్ళి చూద్దాం. రెండడుగుల మందం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. బయటి ముఖానికి ఒక వరస రాయి, లోపలి ముఖానికి ఇంకో వరస. రెంటి మధ్యా చిన్నచిన్న రాళ్ళూ మట్టీ కూరేస్తారు. చూడ్డానికి ఒకటే గోడ, నిజానికి రెండు సన్న గోడలు. రెంటినీ పట్టి ఉంచేది ఏదైనా ఉందంటే, ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా అడ్డంగా దూరే పొడుగాటి రాయి. దాన్ని ఈ ప్రసంగం వరకు అడ్డరాయి అనుకుందాం. అది పెట్టాలంటే పెద్ద రాయి కావాలి, చెక్కే కూలి కావాలి. ఖర్చు తగ్గించుకోవడానికి ముందుగా మానేసేది దాన్నే. ఇక పైన దూలాలు, వాటి మీద చెక్క, చెక్క మీద అడుగూ రెండడుగుల మందాన మట్టి. ఎండకు చల్లగా ఉంటుంది, వాన కురిసినప్పుడల్లా ఇంకో తట్ట మట్టి పడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ బరువు పెరుగుతూ పోతుంది. రాయలసీమలో మట్టి మిద్దె ఎరిగినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. దూలమూ, దంతే, పైన చౌడుమట్టీ వాళ్ళు చూసినవే. భూమి ఊగినప్పుడు అడ్డరాయి లేని గోడ రెండుగా విడిపోయింది. ఒక పొర బయటికి, ఒక పొర లోపల పడుకున్నవాళ్ళ మీదికి. చాలాచోట్ల గోడలు రాలిపోయినా లోపలి కొయ్య స్తంభాలు నిలబడే ఉన్నాయి. అంటే తప్పు రాయిది కాదు, మట్టిది కాదు. రాయిని రాయితో కట్టని పద్ధతిది.

ఈ సంగతి ఇంజనీర్లకు త్వరగానే తెలిసింది. కానీ నిర్ణయం తీసుకున్నది ఇంజనీర్లు కాదు. శవదహనాలు ఇంకా పూర్తికాకముందే ఊళ్ళను వేరేచోటికి మార్చాలన్న మాట బయల్దేరింది. ఎందుకు బయల్దేరిందో ఊహించడం కష్టం కాదు. చచ్చిన చోట మళ్ళీ బతకలేమని జనమే అన్నారు. శిథిలాలు ఎత్తి చదును చెయ్యడం కంటే ఖాళీ పొలంలో కట్టడం కంట్రాక్టరుకు సుళువు. చందాలిచ్చిన రాష్ట్రాలకూ కంపెనీలకూ ట్రస్టులకూ తమ పేరు మీద ఒక ఊరు చూపించుకోవడం ఇష్టం. ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది. మొత్తం మీద అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న 52 ఊళ్ళను ఎత్తి కొత్త జాగాల్లో పెట్టారు. ఇళ్ళ సైజులు భూమిని బట్టి. భూమి లేనివాళ్ళకూ, హెక్టారు లోపు ఉన్నవాళ్ళకూ 250 చదరపు అడుగులు. ఏడు హెక్టార్ల దాకా ఉంటే 400. అంతకు మించితే 750. ఈ కొలతలు పెట్టిన అధికారికి న్యాయంగానే తోచి ఉంటుంది, ఎవరి పాత ఇంటికి తగ్గట్టు వాళ్ళకు కొత్త ఇల్లు అని. కానీ నష్టపోయిన ఇంటి పరిహారం పోగొట్టుకోని పొలాన్ని బట్టి ఇవ్వడమేమిటన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

కొత్త ఊళ్ళు ఎలా వచ్చాయి? కాగితం మీద స్కేలు పెట్టి గీసినట్టు నిలువు వీధులు, అడ్డ వీధులు. ప్రతి ఇంటి చుట్టూ ఖాళీ స్థలం. భూకంపం వస్తే పరిగెత్తడానికి వెడల్పాటి రోడ్లు. చూడ్డానికి కాలనీలు. మన దగ్గర ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ళకు బదులు కట్టిన పునరావాస కాలనీలు చూసినవాళ్ళకు ఆ రూపం వెంటనే కళ్ళకు కడుతుంది. పాత ఊరంటే ఇరుకు సందులు, ఎత్తు గోడల నీడ, వీధికి తెరుచుకోని ఇల్లు, లోపల వాకిలి, వాకిలి చుట్టూ గదులు, ఒక పక్క పశువుల కొట్టం, ముందు అరుగు. ఆ ఇరుకుకు ఒక లెక్క ఉంది. అక్కడి మరాఠ్వాడా ప్రాంతపు ఎండకు రెండు గోడల మధ్య సందులో నీడ ఉంటుంది. ఆడవాళ్ళు వీధిన పడకుండా పక్కింటికి వెళ్ళగలరు. ముసలమ్మ అరుగు మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళందరూ కనిపిస్తారు. కొత్త ఊరు పాతదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. రోడ్డు పొడుగు, నీళ్ళ గొట్టం పొడుగు, దీపస్తంభాలు ఎక్కువ. వీటన్నిటినీ బాగుచేయించవలసింది ఆదాయం పెద్దగా లేని గ్రామ పంచాయతీ. పొలం దూరమైంది. సిమెంటు ఇటుక, కాంక్రీటు కప్పు ఇల్లు వేసవిలో కుంపటి. ఎడ్లను ఎక్కడ కట్టాలి, నాగలి ఎక్కడ పెట్టాలి, జొన్న ఎక్కడ పోయాలి అన్నవి నక్షా గీసినవాళ్ళకు తట్టలేదు. ఒక వాకిట్లో బతికిన అన్నదమ్ములు, ఎవరి పేరున వాళ్ళకు ఇల్లు రావడంతో, ఊరికి ఆ కొసనొకరూ ఈ కొసనొకరూ పడ్డారు. ప్రాణం నిలబెట్టే ఇల్లు దక్కిందన్న మాట నిజమే, దాన్ని తక్కువ చెయ్యను. కానీ అదే ప్రాణరక్షణ ఈ పోగొట్టుకోవడం లేకుండా దొరికేదా అన్నదే ప్రశ్న.

దొరికేదని చెప్పడానికి సాక్ష్యం అదే కార్యక్రమంలో, అదే జిల్లాల్లో ఉంది. దాన్ని గురించి తక్కువ మంది మాట్లాడతారు, ఎందుకంటే దానికి ప్రారంభోత్సవాలు లేవు. పూర్తిగా నేలమట్టం కాకుండా దెబ్బతిన్న ఊళ్ళలో, దాదాపు రెండు లక్షల ఇళ్ళను ఉన్నచోటే మరమ్మతు చేసి గట్టిపరిచే పని పెట్టారు. ఇక్కడ డబ్బు ఇంటివాళ్ళ చేతికే వచ్చింది. పని చూసుకున్నదీ వాళ్ళే. ఆ పనుల్లో ఒకటి ఎలా చేస్తారో చెబుతాను, వింటే ఎంత మామూలు పనో తెలుస్తుంది. రెండు పొరల రాతి గోడలో ఒకచోట ఒక రాయిని నెమ్మదిగా కదిపి తీస్తారు. గునపంతో బాదకూడదు, బాదితే చుట్టూ ఉన్నవి వదులవుతాయి. లోపలి మట్టి తోడి, అవతలి ముఖం దాకా బెజ్జం చేస్తారు. రెండు కొసలా వంకీ తిప్పిన ఇనుప చువ్వ అందులో పెట్టి, కాంక్రీటు కూరుతారు. అది గట్టిపడితే అడ్డరాయి లేని గోడకు అడ్డరాయి వచ్చినట్టే. గోడ పొడుగునా కొన్ని అడుగులకొకటి. పైన మట్టి కొంత దించేస్తారు. కొయ్య స్తంభం దూలాన్ని తాకే చోట ఏటవాలుగా ఒక ఊతం కొడతారు. ఇదంతా ఊరి మేస్త్రీ చెయ్యగలిగిందే. రూర్కీ విశ్వవిద్యాలయంలో ఇలాంటి ఇళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఆనంద్ స్వరూప్ ఆర్యలాంటి నిపుణులు చెబుతూ వచ్చిందీ ఇదే. ఊళ్ళలో దీన్ని వివరించడానికి, ఇంజనీరుకూ ఇంటివాళ్ళకూ మధ్య మాట నడపడానికి, ఊరి ఆడవాళ్ళనే నియమించారు. సంవాద్ సహాయక్ అని పేరు. ప్రేమా గోపాలన్ నడిపిన స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ ఆ పని భుజాన వేసుకుంది. సిమెంటు ఎంత పడాలి, చువ్వ ఎంత లావుండాలి, విడత డబ్బు ఎందుకు ఆగింది అని ఆఫీసుకెళ్ళి అడిగింది ఆ ఆడవాళ్ళే. 2001లో కచ్ కూలినప్పుడు లాతూర్ నుంచి వాళ్ళలో కొందరు అక్కడి ఆడవాళ్ళతో మాట్లాడడానికి వెళ్ళారు. తాళంచెవి అందుకున్న ఊళ్ళు పక్క రాష్ట్రానికి నేర్పగలిగే విద్య ఏమీ పుట్టించలేదు. గోడకు బెజ్జం వేసిన ఊళ్ళు పుట్టించాయి.

కచ్‌కు వద్దాం. 2001 జనవరి 26, ఉదయం 8 గంటల 46 నిమిషాలు. గణతంత్ర దినోత్సవం. అంజార్ పట్టణంలో జెండాలు పట్టుకుని ఊరేగింపుగా వెళ్తున్న బడిపిల్లలు ఇరుకు సందులో గోడల కింద పడిపోయారు. తీవ్రత 7.7. ప్రభుత్వ లెక్కల్లో 13 వేల 8 వందల మంది మృతులు. రెండు లక్షలకు పైగా ఇళ్ళు పూర్తిగా కూలాయి, తొమ్మిది లక్షలకు పైగా దెబ్బతిన్నాయి. ఇక్కడా మొదట వచ్చిన ఆలోచన కిల్లారి ఆలోచనే, బాగా దెబ్బతిన్న ఊళ్ళను మార్చేద్దామని. కానీ ఊళ్ళు ఒప్పుకోలేదు. కదలమని చాలా గ్రామసభలు తేల్చి చెప్పాయి. రెండు వారాలు తిరక్కుండా, ఫిబ్రవరి 8న, రాష్ట్రం విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసింది. తరువాత పద్ధతి మార్చింది. ఇంజనీరు వచ్చి నష్టాన్ని ఒకటి నుంచి అయిదు దాకా తరగతులుగా రాసుకున్నాడు. ఇంటివాళ్ళ పేరున బ్యాంకు ఖాతా తెరిచారు. సొమ్ము మూడు విడతలుగా. మొదటిది పని మొదలుపెట్టడానికి. రెండోది గోడలు ఒక మట్టానికి వచ్చాక, ఇంజనీరు చూసి సంతకం పెడితేనే. మూడోది పూర్తయ్యాక. సిమెంటు రాయితీ ధరకు. వేలమంది మేస్త్రీలకు శిక్షణ. పైన బయటి సంస్థతో నాణ్యత తనిఖీ. స్వచ్ఛంద సంస్థలు ఊళ్ళను దత్తత తీసుకుని కట్టించే దారీ తెరిచే ఉంచారు, కానీ ఎక్కువ మంది డబ్బు తీసుకుని సొంతంగా కట్టుకోవడానికే మొగ్గారు. ఇలా రెండు మూడు రకాలుగా కట్టిన ఊళ్ళు పక్కపక్కనే ఉండటం పరిశోధకులకు కలిసొచ్చింది. జెన్నిఫర్ బారెన్‌స్టైన్ ఆ ఊళ్ళను పోల్చి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, సొంతంగా కట్టుకున్నవాళ్ళు తమ ఇంటి గురించి ఎంతో తృప్తిగా ఉన్నారు. కొత్త జాగాలో కంట్రాక్టరు కట్టిన ఇళ్ళవాళ్ళు అన్నిటికంటే తక్కువ తృప్తితో ఉన్నారు. నాణ్యత విషయంలోనూ కంట్రాక్టరు ఇల్లు మెరుగని తేలలేదు.

సొంతంగా కట్టుకోనివ్వాలన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం, చాలా బలమైనది: ప్రాణాలు తీసిన ఇళ్ళను కట్టుకున్నది ఆ జనమే కదా, మళ్ళీ వాళ్ళ చేతికే ఇస్తే మళ్ళీ అదే కదా కట్టేది? కాదు అనడానికి కారణం విడతల్లో ఉంది. రెండో విడత కావాలంటే గోడ చుట్టూ పట్టీ కనబడాలి. తలుపుల, కిటికీల పైమట్టంలో ఇల్లంతా చుట్టివచ్చే కాంక్రీటు బెల్టు, లోపల ఇనుప చువ్వలు. మన మేస్త్రీలు లింటెల్ అని కిటికీ మీదే వేసి ఆపేస్తారే, దాన్ని ఆపకుండా నాలుగు గోడలకూ తిప్పడమన్నమాట. ఇంటివాడు తన బిడ్డలు పడుకునే గదిలో ఆ చువ్వ ఉందో లేదో చూసుకుంటాడు. కంట్రాక్టరు కట్టే వంద ఇళ్ళలో చూసేదెవరు? ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కట్టేటప్పుడు పడ్డ తిప్పలే ఇంటిని గురించిన తెలివి. రెండు భూకంపాలనూ పోల్చి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. కిల్లారిలో కొత్త ఇళ్ళు కట్టి ఇవ్వడంతో పాటు రాతి మీద ఒక భయాన్నీ ఇచ్చారు. రాయి చంపింది, సిమెంటు కాపాడుతుంది అన్నట్టు. ఆ తరువాత అక్కడ సొంతంగా గది వేసుకున్నవాళ్ళు చాలామంది రాయిని వదిలి రేకులకో, పట్టీ లేని సిమెంటు ఇటుక గోడకో వెళ్ళారు. రాయి ఎందుకు కూలిందో చెప్పనప్పుడు సిమెంటు ఎందుకు కూలుతుందో తెలియదు. కచ్‌లో ఎడారి అంచు ఊళ్ళలో గుండ్రటి మట్టి ఇళ్ళు, భుంగాలంటారు, చాలావరకు నిలబడ్డాయి. మట్టే, కానీ మూలలు లేని మట్టి.

రెండో అభ్యంతరం ఇంకా సున్నితమైనది. కిల్లారి జనమే వెళ్ళిపోతామన్నారు కదా, వాళ్ళ మాట విన్న ప్రభుత్వాన్ని ఎలా తప్పు పడతాం? ఇక్కడ వినడం ఎప్పుడు అన్నది ముఖ్యం. భార్యా బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి మొదటి నెలలో ఆ గడప తొక్కనంటాడు. ఆ మాట నిజం. కానీ ఆ నెల మాటతో యాభై ఏళ్ళ ఊరును గీసెయ్యకూడదు. తాత్కాలిక రేకుల షెడ్డులో ఏడాది గడిచాక అదే మనిషిని అడిగితే పొలం దగ్గరా, బావి దగ్గరా, గుడి దగ్గరా అంటాడు. నిర్ణయం ఆలస్యం చెయ్యడం పరిపాలనకు అసాధ్యమేమీ కాదు. షెడ్డు ముందు, ఊరు తరువాత అనుకుంటే చాలు. ఇరవై ముప్పై ఏళ్ళు గడిచిన ఆ కొత్త ఊళ్ళలో ఇప్పుడు చెట్లున్నాయి, ముందు వసారాలు దించారు, పెరటిలో కొట్టాలు వేశారు, అవి ఊళ్ళలాగే కనిపించడం మొదలుపెట్టాయి అంటారు. నిజమే. కానీ ఆ చెట్లూ వసారాలూ కొట్టాలూ జనం తమ చేతులతో చేసుకున్నవే. ఇది నా వాదనకు ఎదురు కాదు, ఊతమే.

అయితే ఈ దారిలో నిజంగా ఇరుక్కునే చోట్లు ఉన్నాయి, దాచడం బాగుండదు. డబ్బు ఇంటి యజమానికి వస్తుంది. అద్దెకున్నవాడికి? కచ్‌లోని భచావ్, భుజ్ లాంటి పట్టణాల్లో తక్కువ అద్దెకు దశాబ్దాలుగా ఉన్నవాళ్ళు ఇల్లు కూలగానే దిక్కులేనివాళ్ళయ్యారు. నష్టం వాళ్ళది, పరిహారం ఇంకొకరిది. యజమాని మళ్ళీ కట్టినా పాత అద్దెకు ఇవ్వడు. పట్టా లేని జాగాలో గుడిసె వేసుకున్నవాళ్ళ కథా అంతే, ఎవరైనా సంస్థ వచ్చి పట్టుకుంటే తప్ప. దీనికి జవాబు సొంతంగా కట్టుకునే పద్ధతిని మానెయ్యడం కాదు, ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న పక్కన ఆ ఇంట్లో ఎవరు ఉండేవారు అన్న ప్రశ్న కూడా ఫారంలో వెయ్యడం. నేపాల్ ఇంకో పాఠం. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రత, దాదాపు 9 వేల మంది మృతులు. అక్కడా విడతల పద్ధతే, మొత్తం మూడు లక్షల నేపాలీ రూపాయలు. కానీ పునర్నిర్మాణ సంస్థ నిలదొక్కుకునేసరికే ఆ ఏడాది గడిచిపోయింది. జనం రేకుల కింద వానలూ చలీ భరించారు. తరువాత గడువులు పెట్టి తొందరపెడితే, చాలామంది విడత సొమ్ము పోకుండా ఒక్క గది ఇల్లు కట్టి, కాపురం మాత్రం పగుళ్ళు పట్టిన పాత ఇంట్లోనో షెడ్డులోనో చేశారు. లెక్కలో ఇల్లు పూర్తి. అంటే డబ్బు చేతికి ఇవ్వడం ఒక్కటే చాలదు, ఎప్పుడు, ఎలా కట్టుకోవాలో కొంత వెసులుబాటూ ఇవ్వాలి. 2005లో పాకిస్తాన్ ఆధీనంలోని కశ్మీర్‌లో భూకంపం వచ్చినప్పుడు కొండ ఊళ్ళవాళ్ళు కొయ్య చట్రంలో రాయి కూర్చి కట్టే ధజ్జీ గోడను అక్కడి ప్రభుత్వం మొదట ఆమోదించలేదు. జనం కట్టుకుంటూ పోయారు, తరువాత అది ఆమోదిత నమూనాల్లో చేరింది. నియమాలు రాసేవాళ్ళు వెనక్కి తగ్గడం అరుదుగా వినబడే మంచి వార్త.

ఇంకొక చోట ఈ వాదన అసలు పనిచెయ్యదు, అది అపార్ట్‌మెంట్. 2001లో భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో దాదాపు 750 మంది చనిపోయారు. కూలినవాటిలో కింద కార్లకు వదిలేసి, గోడలు లేకుండా స్తంభాల మీద లేపిన బహుళ అంతస్తులు చాలా ఉన్నాయి. పైన అంతస్తులకు గోడలున్నాయి కనక బిగుసుకుని ఉంటాయి. కింద వట్టి స్తంభాలు. ఊపు వచ్చేసరికి వంగేదంతా కిందే. ఆ ఇల్లు కొనుక్కున్నవాడు దాన్ని కట్టుకోలేదు, చూసుకోలేదు, చూడగలిగే స్థితిలోనూ లేడు. అక్కడ కావలసింది మునిసిపాలిటీ ఇంజనీరు సంతకం, ఆ సంతకానికి బాధ్యత. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ స్టిల్ట్ పార్కింగ్ అని మనం పిలిచేది ఇదే.

మన సంగతి కూడా ఒక మాట అనుకుందాం. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7. 2024 డిసెంబర్ 4న, ఉదయం ఏడున్నర ప్రాంతంలో, ములుగు జిల్లా కేంద్రంగా 5.3. వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడల దాకా జనం బయటికి పరిగెత్తారు. కొద్దిసేపటికి లోపలికి వెళ్ళి ఫోన్లు చూసుకున్నారు. 1992లో కిల్లారి జనం చేసిందీ దాదాపు అదే, ఫోన్లు లేవు గానీ. భూకంపం ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ కూలాక ఇచ్చే మూడు విడతల డబ్బులో చిన్న భాగం కూలకముందు ఇస్తే ఎంత పని జరుగుతుందో లాతూర్‌లో మరమ్మతు చేసిన ఆ ఇళ్ళు చెబుతున్నాయి. తెలంగాణ పల్లెల్లోనూ రాయలసీమలోనూ రాతి గోడల ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. బయట సున్నం కొట్టి, పసుపు రాసిన గడపతో, చూడ్డానికి వందేళ్ళు నిలిచేలా ఉంటాయి. ఆ గోడలో అడ్డరాయి ఉందో లేదో బయటి నుంచి చూస్తే తెలియదు. ఒక రాయి తీసి లోపలికి చూడాలి.